ఫామ్ పోయిందనే ముందు నిద్ర ఎలా ఉందో అడగండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో ఆటగాళ్ల దిగులు ఎక్కువగా ఒంటి బాధగానే బయటికొస్తుంది. నీరసం, కాళ్లు లాగడం, తిండి సయించకపోవడం. కోచ్ దాన్ని ఫామ్ పోవడం అంటారు, ఇంట్లో బద్ధకం అంటారు. ఇద్దరూ చేసే వైద్యం మాత్రం ఒకటే: ఇంకో గంట ప్రాక్టీస్. డిప్రెషన్‌లో ఉన్న పిల్లలకు ఇంతకంటే చెరుపు చేసే సలహా లేదు.

అలసటైతే విశ్రాంతికి లొంగుతుంది. వారం పది రోజులు ప్రాక్టీస్ భారం సగానికి తగ్గిస్తే నిద్ర పడుతుంది, ఆకలి వేస్తుంది, మళ్లీ గ్రౌండ్ మీదికి మనసు పోతుంది. డిప్రెషన్‌లో సెలవిచ్చినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. స్నేహితుల కబుర్లు కూడా రుచించవు. ఇది దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు, 2 వారాలు సాగితే డాక్టరుకు చూపించాల్సిందే. వెయిట్‌లిఫ్టింగ్‌లో 60 కిలోల స్నాచ్ (బార్‌ను ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) సునాయాసంగా చేసే అమ్మాయి 55 దగ్గర తడబడితే టెక్నిక్ చూడాలి. వార్మప్‌లో 15 కిలోల ఖాళీ బార్ ముందే కదలకుండా నిలబడిపోతుంటే రాత్రి నిద్ర గురించి అడగాలి.

ఒంట్లో లోపాలు కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. కొరాపుట్, గడ్చిరోలి ప్రాంతాల పిల్లలకైతే సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) పరీక్ష కూడా. అమ్మాయికి మూడు నెలలుగా నెలసరి రాకపోతే, కసరత్తుకు తగ్గ తిండి తినడం లేదేమో చూడాలి. వెయిట్ కేటగిరీ కోసం నీళ్లు మానేసి బరువు దించే ఆటల్లో ఈ గొడవ మరీ ఎక్కువ.

మనసు సంగతి తెలుసుకోవడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణులు చూడాలి. చచ్చిపోవాలనిపించడం గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఏది వచ్చినా ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అయితే ఈ కాగితం తప్పుదోవ పట్టించేది ఎక్కడో తెలుసా? టీమ్ ఎంపిక చేసే మనిషే దాన్ని చేతికిచ్చి నింపమన్నప్పుడు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఇల్లంతా ఆశ పెట్టుకున్న కుర్రాడు నిజం రాస్తాడా? అన్నీ సున్నాలే పెడతాడు. హాస్టల్లో ఒడియాలో మాట్లాడినా, దిగులు చెప్పుకునేది ఇంటి భాషలోనే. అందుకే అడిగేది ఎంపికతో సంబంధం లేనివాళ్లై ఉండాలి, తెలుగులో అడగాలి. 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడొచ్చు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో మానసిక వైద్య విభాగం ఉంది.

గెలిచేవాళ్లకు ఈ జబ్బు రాదనుకోవడం పొరపాటు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాకే పెద్ద శూన్యంలో పడ్డానని షూటర్ అభినవ్ బింద్రా బాహాటంగా చెప్పారు.

మందులంటే డోపింగ్ భయం చాలామందిని ఆసుపత్రి గుమ్మం తొక్కనివ్వదు. డిప్రెషన్‌కు ఎక్కువగా రాసే ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రలిన్ మందులు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధ జాబితాలో లేవు. గుణం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. మొదట్లో వికారం, నిద్ర తేడా ఉండొచ్చు. పాతికేళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది, ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. పోటీ ఉందని హఠాత్తుగా ఆపితే తల తిరుగుతుంది, జబ్బూ తిరగబెట్టొచ్చు. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, డాక్టరు చెప్పాకే మెల్లగా తగ్గించాలి. నిజంగా భయపడాల్సింది లేబుల్ సరిగా లేని ‘బలం’ పొడులకు. డోప్ పరీక్షలో పట్టుబడే పదార్థాలు వాటిలో కలిసి ఉండొచ్చు. నీరసంగా ఉందన్న పిల్లాడికి ఆ డబ్బా కొనిచ్చేవాళ్లు, ముందు అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.