హెచ్‌ఎం గారి బీరువాలోని ఫోన్ల డబ్బా గారికి

మహారాజశ్రీ ఫోన్ల డబ్బా గారి సముఖమునకు,

విషయం: అయ్యవార్ల సెల్లులు క్లాసులోకి పోకుండా తమరు ఆపవలసి ఉండుట – తమరు ఖాళీగా ఉండుట – కారణములు తెలుపుట గురించి.

సూచిక: వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్‌గా వచ్చిన ఉత్తర్వు. (సెల్లు వాడొద్దనే కాగితం సెల్లులోనే రావడం మీద మాకేమీ అభ్యంతరం లేదు. ఇంకెట్లా వస్తుంది?)

అయ్యా,

తమరు పుట్టడం బిస్కెట్ల రేకు డబ్బాగానే పుట్టినా, 2023 ఆగస్టులో తమకు పదోన్నతి వచ్చింది. పిల్లలు బడికి సెల్లు తేకూడదనీ, అయ్యవార్లు కూడా క్లాసుకు పోయే ముందు తమ సెల్లు హెచ్‌ఎంకు అప్పగించాలనీ మన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ చెప్పింది. హెచ్‌ఎం గారు అటూ ఇటూ చూశారు, తమరు కనబడ్డారు. మూత మీద తెల్లకాగితం అంటించి "ఉపాధ్యాయుల సెల్‌ఫోన్లు" అని స్కెచ్ పెన్నుతో రాశారు. ఇప్పుడు తమ పొట్టలో ఇంకు ఆరిన స్టాంపు ప్యాడు, గుప్పెడు గుండుసూదులు, ఎవరిదో కళ్లజోడు ఉన్నాయి. సెల్లు మాత్రం ఒక్కటీ లేదు.

అయ్యవార్లు మాట వినే రకం కాదు కాబట్టే తమరు ఖాళీగా ఉన్నారని ఊళ్ళో అంటారు. సగం నిజం. మిగతా సగం చెప్పుకోవడానికే ఈ లేఖ.

ముందు అయ్యవార్ల తప్పు సంగతి. సెల్లు వైపు మనసు మళ్ళిన పిల్లవాడు మళ్ళీ పాఠంలో పడడానికి 20 నిమిషాల దాకా పట్టొచ్చని యునెస్కో 2023 నివేదికలో రాసింది. మన పీరియడు 45 నిమిషాలు. రెండుసార్లు టింగుమంటే పీరియడు అయిపోయినట్టే. ఆ లెక్క పిల్లల గురించి చెప్పిందే, కాదనం. అయ్యవారి బుర్ర వేరే కంపెనీ తయారీ అని మాత్రం ఎవరూ తేల్చలేదు. పైగా పిల్లవాడి సెల్లు మోగితే చెడేది వాడి చదువూ, పక్కవాడి చదువూ. అయ్యవారి జేబులో మోగితే నలభై తలకాయలూ ఒకేసారి అటు తిరుగుతాయి. "ఒక్క నిమిషం" అంటూ ఆయన వరండాలోకి పోతే ఆయనకు పోయేది ఒక నిమిషమే, క్లాసుకు పోయేవి నలభై. ఫ్రాన్సు 2018లో చేసిన చట్టం విద్యార్థి చేతిలో సెల్లునే అడ్డుకుంది, అయ్యవారి జోలికి పోలేదు. మన రాష్ట్రం ఆ మాట కూడా అనేసింది. అనడం వరకు మనమే ముందున్నాం.

ఇక తమ కొలువు ఎందుకు వెలవెలబోతోందో వినండి. 2022 ఆగస్టు నుంచి అయ్యవారి హాజరు ముఖం చూపిస్తేనే పడుతుంది, అదీ ఆయన సొంత సెల్లులో, ఆయన సొంత డేటాతో. పరికరం బడికే ఇవ్వండి అని సంఘాలు గొడవ చేశాయి. హాజరు వేసే యాపు మారి ఇప్పుడు లీప్ అనే యాపు అయింది, సెల్లు మాత్రం అయ్యవారిదే. తొమ్మిదయ్యేలోపు ముఖం పడాలంటే మూడు కుదరాలి: మనిషి బడి ఆవరణలోనే ఉన్నాడని జీపీఎస్ ఒప్పుకోవాలి, ముఖం మీద వెలుతురుండాలి, సిగ్నలుండాలి. ఉదయగిరి కొండల వైపు, చంద్రశేఖరపురం వైపు పల్లెల్లో ఆ మూడోది కావాలంటే మేడ ఎక్కాల్సి రావచ్చు. అక్కడ సూర్యుడు వీపు వెనక ఉంటే ముఖం నల్లగా పడి రెండోది చెడుతుంది. ఎండకు ఎదురుగా తిరిగితే కళ్ళు మూతలు పడి యంత్రం గుర్తుపట్టదు. అది అయ్యాక పిల్లల హాజరు. ఆ తర్వాత మధ్యాహ్న భోజనానికి ఎంతమంది, గుడ్లు ఎన్ని. మధ్యలో ఎక్కడో "అత్యవసరం, 11 గంటల లోపు నింపవలెను" అని గ్రూపులోకి ఒక షీటు. అది ఎక్కించబోతే లాగిన్‌కు ఓటీపీ, ఆ ఓటీపీ వచ్చేది హెచ్‌ఎం గారి సెల్లుకు, హెచ్‌ఎం గారేమో ఆ వేళకు తొమ్మిదో తరగతిలో లెక్కలు చెబుతుంటారు. తమ మూత పడే సందెక్కడ, చెప్పండి?

హైస్కూల్లో ఇట్లా ఉంటే, ఏకోపాధ్యాయ పాఠశాలలో సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. అక్కడ అయ్యవారూ, హెచ్‌ఎమ్మూ ఒకరే. ఉత్తర్వు ప్రకారం ఆయన తన సెల్లు తనకే అప్పగించుకోవాలి. రిజిస్టర్లో "ఇచ్చినవారు" దగ్గర ఒక సంతకం, "పుచ్చుకున్నవారు" దగ్గర ఇంకో సంతకం. ఇవ్వకపోతే తన మీద తనే ఎంఈఓకి (మండల విద్యాధికారికి) రాసుకోవాలి. అంత నిజాయితీపరుడికి అసలు తమ అవసరమే లేదు.

పాఠానికి సెల్లు కావాలి కదా అనే అయ్యవార్లూ ఉన్నారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్ళకు చెప్పే అయ్యవార్లకూ కలిపి సుమారు 5 లక్షల ట్యాబులు పంచారు. ఆ తర్వాత హైస్కూళ్ళ గోడలకు పెద్ద టచ్ ప్యానెళ్ళు ఎక్కాయి. పుస్తకంలో క్యూఆర్ కోడు చూపించడానికి జేబులో సెల్లు అక్కర్లేదు, అంతకంటే పెద్ద తెర ఎదురుగానే ఉంది. అయితే బడికి నెట్టు లేని చోట ఆ తెరకు ప్రాణం పోసేది మళ్ళీ అయ్యవారి హాట్‌స్పాటే. పాఠం నడుస్తుండగా ఆ సెల్లుకు కాలొస్తే నెట్టు తెగొచ్చు, పాఠం ఆగొచ్చు. మార్కాపురం పలక మీద రాసిన రోజుల్లో ఈ బాధ లేదు.

ఇదంతా చెప్పి అయ్యవార్లను వెనకేసుకొస్తున్నామని తమరు అనుకోవద్దు. తమను బురిడీ కొట్టించే విద్యలు మాకు తెలుసు. పాత కీప్యాడు సెల్లొకటి తమకు నైవేద్యం పెట్టి, అసలుది చొక్కా లోపలి జేబులో దాచుకోవడం మొదటిది. సెల్లు తమ దగ్గరే వదిలి, చేతి గడియారంలో మెసేజీలు చదువుకోవడం రెండోది. "బీఎల్‌ఓ డ్యూటీ" (ఓటర్ల జాబితా పని) అనడం మూడోది, దానికి మందు లేదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ అయ్యవార్లను జనాభా లెక్కలకూ, విపత్తు సహాయానికీ, ఎన్నికల పనికీ వాడుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఓటు మారలేదని ఎవరో పదకొండింటికి ఫోను చేస్తే తీయకపోవడం ఎట్లా? తీస్తే ఐదో తరగతి తెలుగు వాచకం ఆగింది. రాబోయే జనాభా లెక్కలు కూడా సెల్లులోనే రాస్తారట. ఇకనేం.

కాబట్టి తమరు నిజంగా పని చేయాలనుకుంటే ముందు రూపం మార్చుకోవాలి. రేకు డబ్బా ఈ పనికి పనికిరాదు. పన్నెండు సెల్లులు ఒకదాని మీద ఒకటి పేరిస్తే గీతలు పడతాయి. అన్నీ నల్ల కవర్లే కాబట్టి సాయంత్రం ఒకరిది ఒకరు పట్టుకుపోతారు. వైబ్రేషన్‌లో పెట్టిన సెల్లు రేకు మీద చేసే గోల మామూలు రింగు కన్నా ఎక్కువ. వేసవి సంగతి వేరే చెప్పాలా? సెల్లును 35 డిగ్రీల లోపు వాడమని తయారుచేసిన వాళ్ళు చెబుతారు. నెల్లూరులో ఒంటిపూట బళ్ళ కాలంలో రేకుల కప్పు కింద, మూసిన డబ్బాలో ఎంత కాగుతుందో తమకే తెలుసు.

తమరు గోడకు వేలాడే జేబుల గుడ్డగా మారాలి. ముతక గుడ్డ తెచ్చి టైలరుకిస్తే గంట పని. జేబు వెడల్పు 11 సెంటీమీటర్లు, లోతు 15. కవరుతో సహా సెల్లు దూరుతుంది, తల బయటికి కనబడుతుంది. పన్నెండుమంది ఉన్న బడికి వరసకు అయిదు చొప్పున మూడు వరసలు, మొత్తం పదిహేను జేబులు. మిగిలిన మూడూ తనిఖీకి వచ్చే సార్లకు, వాళ్ళ సెల్లులూ మోగుతాయి కదా. అంతా కలిపి రెండడుగుల వెడల్పు, రెండడుగుల పొడవు. హాజరు పట్టీలో ఎవరిది ఎన్నో నంబరో, జేబు మీదా అదే నంబరు. వేలాడదీయాల్సింది కిటికీ పక్కన కాదు, హెచ్‌ఎం కుర్చీకి ఎదుటి గోడకు.

సైలెంటులో పెట్టి వదిలితే చాలదు. సైలెంటులో ఉన్నా అలారం మోగొచ్చు, దాన్ని ఆపడానికి హెచ్‌ఎం గారికి లాకు తెలియదు. పూర్తిగా ఆపి పెట్టాలి. మళ్ళీ తెరవడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ ఒక్క నిమిషం బద్ధకమే సగం నిషేధాన్ని నడిపిస్తుంది.

పీరియడు పీరియడుకూ పెట్టి తీసే పద్ధతి మొదటి వారంలోనే చస్తుంది. పన్నెండుమంది, ఏడు పీరియడ్లు అంటే రోజుకు ఎనభై నాలుగు సార్ల దాకా పెట్టడం, అన్నిసార్లే తీయడం. మొదటి గంట నుంచి భోజనం గంట దాకా ఒకసారి, ఆ తర్వాత చివరి గంట దాకా ఒకసారి చాలు. లీజరు పీరియడులో కావలసినవాళ్ళు తీసుకుని స్టాఫ్‌రూములోనే చూసుకుంటారు. అక్కడ చూస్తే మాకేమీ బాధ లేదు.

ఇంట్లో ముసలివాళ్ళు, పసిపిల్లలు ఉన్నారు అంటారు. ఆ మాటను వెక్కిరించకూడదు. దానికి ఆఫీసులో ఒక బడి నంబరు ఉండాలి. వెయ్యీ పదిహేను వందలకు దొరికే కీప్యాడు సెల్లు చాలు, గట్టిగా మోగేట్టు పెట్టాలి. ఆ నంబరు అయ్యవార్ల ఇళ్ళలోనూ ఉండాలి, పిల్లల ఇళ్ళలోనూ ఉండాలి. కాలొస్తే చీటీ రాసి క్లాసుకు పంపుతారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపాను కాలం, మధ్యాహ్నం మీద సెలవు ప్రకటించినా ఆ కబురు ముందు చేరాల్సింది ఆ నంబరుకే.

పై అధికారులకూ తమరు ఒక జేబు కుట్టించాలి. హాజరు వేసే యంత్రం బడిది కావాలి, గోడకు ఉండాలి. అయ్యవార్ల సెల్లులు గేటు దగ్గరే తీసిపెట్టించే ప్రైవేటు కాలేజీల్లో ఆ పద్ధతి నడిచేది హాజరు సెల్లులో వేయమని అడగరు గనకనే. ఒక చేత్తో సెల్లు తియ్యమని, రెండో చేత్తో పెట్టమని అక్కడ చెప్పరు. షీట్లు నింపమనే మెసేజీలు తొమ్మిది నుంచి నాలుగు దాకా పంపకూడదు. 11 గంటల లోపు కావలసిన లెక్క అంటే ముందు రోజు సాయంత్రమే అడగాలి. అడగడం మరిచిపోతే మర్నాడు సాయంత్రం దాకా ఆగాలి. పిల్లవాడు హోంవర్కు మరిచిపోతే మేం ఆగమంటున్నామా, వాడే కదా నిలబడేది!

ఇవి కుదిరిన రోజున క్లాసులో సెల్లు తీసిన అయ్యవారి మీద ఏ చర్య తీసుకున్నా మేం నోరెత్తం. అంతవరకు తమరు స్టాంపు ప్యాడును జాగ్రత్తగా చూసుకోగలరు.

ఇట్లు
తమ ఖాళీ పొట్టను రోజూ చూస్తున్న
స్టాఫ్‌రూము

తా.క.: బీరువా రెండో తాళంచెవి అటెండరు దగ్గరుంది. ఆయన సెల్లు ఎక్కడ పెట్టాలో ఇంతవరకు ఎవరూ అడగలేదు.