రోదసిలో చిన్న విషయమంటూ ఉండదు

అమెరికా తొలి వ్యోమగామి అలన్ షెపర్డ్ ప్రయాణం పట్టుమని 15 నిమిషాలే. కాబట్టి మధ్యలో ఆయనకు మూత్రం వస్తే ఎలా అన్నది ఎవరూ పట్టించుకోలేదు. తీరా 1961 మే 5న ప్రయోగం గంటల తరబడి ఆలస్యమైంది. క్యాప్సూల్‌లో వెల్లకిలా పడుకున్న షెపర్డ్ అనుమతి అడిగి మరీ సూట్‌లోనే కానిచ్చేయాల్సి వచ్చింది.

రోదసి యాత్రలంటే రాకెట్ల గురించి ఎంతసేపైనా మాట్లాడతాం, ఒంటి అవసరాల దగ్గరికొచ్చేసరికి మొహమాటపడతాం. ఈ మొహమాటమే ప్రమాదమని నా అభిప్రాయం.

అపోలో యాత్రికులు జిగురు అంచున్న ప్లాస్టిక్ సంచిని పిరుదులకు అతికించుకునేవారు. భారరహిత స్థితిలో ఏదీ కిందపడదు గనుక మలాన్ని వేలితో విడదీయాలి. ఆపైన సంచిలో క్రిమిసంహారిణి కలిపి చేత్తో పిసకాలి, లేదంటే లోపల గ్యాస్ పుట్టి సంచి ఉబ్బుతుంది. చంద్రుడి దాకా వెళ్లినవాళ్లు పడిన పాట్లివి! 1983లో, రోదసికెళ్లిన తొలి అమెరికా మహిళ శాలీ రైడ్‌ను ఇంజినీర్లు, వారం రోజులకు వంద టాంపన్లు (నెలసరిలో వాడేవి) సరిపోతాయా అని అడిగారు. తెలిసినవాళ్లను ముందే అడగడానికి సిగ్గుపడితే లెక్కలు ఇలాగే తప్పుతాయి.

కొన్నిసార్లు ప్రాణం మీదికే వస్తుంది. 2013 జులైలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట ఒక స్పేస్‌వాక్ ముగిశాక ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో హెల్మెట్‌లో నీళ్లు కనిపించాయి. తాగునీటి సంచి కారిందనుకుని సరిపెట్టుకున్నారు. వారం తర్వాత, 16న, మళ్లీ బయటికెళ్లినప్పుడు సూట్‌ను చల్లబరిచే కూలింగ్ వ్యవస్థ నీరు హెల్మెట్‌లోకి చేరడం మొదలైంది. అక్కడ నీళ్లు జారిపోవు, ముఖానికే అంటుకుంటాయి. కళ్లూ ముక్కూ మునిగి, దారి కనబడక, తనను కట్టి ఉంచిన తీగను పట్టుకునే ఆయన కేంద్రం లోపలికి తీసుకెళ్లే గది, ఎయిర్‌లాక్‌కు చేరారు. లీటరుకు పైగా నీరది.

ఇప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూత్రం, చెమట కూడా తాగునీరవుతున్నాయి. 2023లో నీటి పునర్వినియోగం 98 శాతానికి చేరింది. భారరహిత స్థితిలో బలహీనపడే ఎముకలను రోజూ రెండు గంటలు వ్యాయామం చేసి కాపాడుకుంటున్నారు. మలాన్ని నింపిన సరకు నౌకలు వాతావరణంలో కాలిపోతాయి. 2020లో పంపిన కొత్త టాయిలెట్‌కు 2.3 కోట్ల డాలర్లయిందని చాలామంది నవ్వారు. నాకైతే అది సబబైన ఖర్చే. అంగారకుడి దారిలో సరకు నౌకలు రావు, విడిభాగాలూ అందవు. పోను ఆరేడు నెలలు. ఆ దారి మధ్యలో మూత్రాన్ని శుద్ధి చేసే పంపు ఆగితే నౌకలోని అందరి తాగునీరూ ఆగుతుంది. కొత్త ఇంజిన్‌కు ఎంత డబ్బు, ఎంత పరీక్ష పెడుతున్నారో ఈ పంపుకూ అంత పెట్టాలి.