అమ్మేటప్పుడు తాతగారి టేకు, కొనేటప్పుడు సెకండ్ హ్యాండ్

పోయిన వారం ఒకాయన ఫోన్ చేశారు. "మా తాతగారి పట్టెమంచం ఉందమ్మా. అసలైన బర్మా టేకు. ఇప్పుడలాంటి చెక్క ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? 40 వేలకు తక్కువైతే ఇవ్వను" అన్నారు. గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ నంబరు చూశాను. ఆగస్టులో నా దగ్గర పడక్కుర్చీ బేరమాడిన పెద్దమనిషి! అప్పుడు ఇదే నోటితో "ఎంతైనా సెకండ్ హ్యాండ్ సామానే కదమ్మా" అని 6 వేలు ఇస్తానన్నారు.

అప్పట్నుంచి కడుపులో పెట్టుకున్నదంతా ఇక్కడ కక్కేస్తున్నా. పొడుగైతే ఏమనుకోకండి.

తెలియనివాళ్ళ కోసం: మాది చెన్నైలో పెరంబూరు. ఇంటి ముందు కారు కోసం వేసిన రేకుల షెడ్డులో పాత ఫర్నిచర్ కొని, బాగుచేసి అమ్ముతాను. కారేమో ఆరేళ్ళుగా వీధిలో వేపచెట్టు కింద కాకుల దయ మీద బతుకుతోంది. వచ్చినవాళ్ళలో సగం మంది గేటు దగ్గరే ఆగి "సార్ లేరా అమ్మా?" అంటారు. సార్ ఆఫీసుకెళ్ళారండీ. ఉన్నా ఉపయోగం లేదు, ఆయనకు మేకు తిన్నగా కొట్టడం రాదు.

ఆ పడక్కుర్చీ లెక్క చెప్తాను, వినండి. పురసవాక్కంలో ఇల్లు ఖాళీ చేస్తున్నవాళ్ళ మేడ మీద వానకు తడుస్తూ ఎండకు ఎండుతూ పడి ఉంటే 3,500కి కొన్నా. తెచ్చిన లోడ్ ఆటోకి 800. వెనక కాలు ఒకటి పుచ్చిపోయింది, వేలితో నొక్కితే గోధుమపిండిలా పొడి రాలింది. ఆ కాలికి కొత్త ముక్క అతికిన మా వడ్రంగి ఆచారిగారికి రోజు కూలి 1,200. పేము 900. లక్క, స్పిరిట్, జిగురు, ఉప్పుత్తాళ్ కలిపి 650. (సాండ్‌పేపర్‌ని ఇక్కడ ఉప్పుత్తాళ్ అంటారు. నాకు ఇప్పుడు ఇంకో పేరు నోటికి రాదు.) మొత్తం 7,050. నా పని 22 గంటలు. గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసుకుంటాను కాబట్టి కచ్చితంగా తెలుసు.

నేను చెప్పిన ధర 11,500. ఆయన ఇస్తానన్నది 6 వేలు. అంటే నా 22 గంటలూ ఊరికే పోగా, ఆయన కాళ్ళు చాపుకోవడానికి నేనే వెయ్యి రూపాయలు ఎదురు ఇచ్చుకోవాలన్నమాట. చివరికి వేరేవాళ్ళకు 10 వేలకు అమ్మాను. మిగిలింది 2,950. గంటకు 134 రూపాయలు. షెడ్డుకి అద్దె లేదు కాబట్టి సరిపోయింది.

ఇంకో రకం ఉన్నారు. "మీరెంతకు కొన్నారో చెప్పండి, దాని మీద ఓ వెయ్యి వేసిస్తాం" అంటారు. కంసాలి దగ్గర ఈ మాట అనగలరా? ఆయన తరుగని ఒకసారి, మజూరీ అని ఒకసారి తీసుకుంటే నోరెత్తరు. చెక్కకు తరుగు లేదా? రోజంతా తోమితే తట్టెడు పొడి పోతుంది. అందులో సగం నా ముక్కులోకే.

22 గంటలు ఏం చేస్తావని మా అత్తయ్య కూడా అడిగారు. ముందు పాత పాలిష్ ఏమిటో తెలియాలి. కంటికి కనబడని చోట, కుర్చీ చేతి కింద భాగంలో, స్పిరిట్ ముంచిన దూదితో రుద్దుతాను. దూది ఎర్రగా జిగురు జిగురుగా అయితే అది లక్కతో వేసిన పాతకాలం స్పిరిట్ పాలిష్. కదలకపోతే థిన్నర్. దానికి మెత్తబడితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్. దానికీ లొంగకపోతే మెలమైన్ పూతో పీయూ (పాలీయూరిథేన్) పూతో, ఇక గీకుడే గీకుడు. నాకు లక్క పాలిష్ అంటే పిచ్చి. కొత్త పూత పాత పూతను కరిగించి అందులో కలిసిపోతుంది, అతుకు కనబడదు. అలాంటిదాన్ని మొత్తం గీకేసి అద్దంలా మెరిసే పీయూ కొట్టమని అడుగుతారు! వేడి కాఫీ గ్లాసు పెడితే లక్క మీద తెల్లటి వలయం పడుతుంది, నిజమే. గ్లాసు కింద ఏదైనా పెట్టుకోండి మరి.

తర్వాత తోమడం. 80 నంబరు గరుకు ఉప్పుత్తాళ్‌తో మొదలుపెట్టి 120, 180, 220, 320. మధ్యలో ఒకటి ఎగ్గొడితే అప్పటికి ఏమీ తెలియదు. పాలిష్ పడగానే గీతలన్నీ పైకి తేలి వెక్కిరిస్తాయి.

పేము అల్లిక సంగతి వేరు. అరగంట నీళ్ళలో నానబెట్టాలి, లేకపోతే మడతలో విరుగుతుంది. నిలువు రెండు, అడ్డం రెండు, ఐమూల రెండు, ఆరుసార్లు పోతే ఆ తేనెపట్టు గళ్ళు వస్తాయి. నాకు నేర్పిన పెద్దాయనకు చూపు లేదు. ఆఫీసు కుర్చీలు అల్లడమే ఆయన ఉద్యోగం, అదే పనిలో రిటైరయ్యారు. నా మొదటి కుర్చీ మీద అరచెయ్యి ఒక్కసారి పోనిచ్చి, "నాలుగో వరుసలో కిందనుంచి పోవాల్సింది పైనుంచి పోయిందమ్మా" అన్నారు. నేను కళ్ళతో వెతికితే రెండు నిమిషాలకు గానీ కనబడలేదు. సగం విప్పి మళ్ళీ అల్లాను.

ఇవన్నీ వానలు లేనప్పటి మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ గాలిలోనే నీళ్ళుంటాయి. అప్పుడు లక్క పాలిష్ వేస్తే పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది. వారాల తరబడి షెడ్డు మూసుకుని కూర్చోవడమే. రోళ్ళు పగిలే రోహిణి ఎండల్లో ఇంకో గోల, బిగుతుగా ఉన్న అతుకులన్నీ వదులవుతాయి. పైగా షెడ్డు నిండా లక్క, స్పిరిట్, అవిసె నూనె. పాండవుల లక్క ఇంట్లో కాపురం ఉన్నట్టే. అవిసె నూనె గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఇంట్లో ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. నేను వాటిని తీగ మీద విడివిడిగా ఆరేస్తాను. వీధిలోవాళ్ళు అవేం చీరలో అనుకుంటారు.

మరి "సెకండ్ హ్యాండ్" అంటే చిన్నచూపు ఎక్కడి నుంచి వచ్చింది? మా మామగారి రాతబల్ల సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్‌లో కొన్నది. 1985లో అది కాలిపోయేదాకా పాత పుస్తకం దగ్గర నుంచి పాత బల్ల దాకా జనం అక్కడే కొనేవారట. ఆయన ఆ బల్లను ఎంత తక్కువకు కొన్నారో వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. ఇప్పుడు నా దగ్గర కొన్నవాళ్ళు "ఎక్కడ కొన్నానో ఎవరికీ చెప్పకండి మేడమ్" అంటారు.

అదే మనుషులు కొత్తది అనగానే రంపపు పొట్టుకు లక్ష పోస్తారు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వెళ్ళి బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకు ముందే మా ఊరిని ముంచేసింది. నీళ్ళు తీశాక వేళచ్చేరి, పళ్ళికరణై వైపు నుంచి వారం రోజులు ఒకటే ఫోన్లు. ఒకావిడ 90 వేలు పెట్టి చేయించుకున్న వార్డ్‌రోబ్. అడుగు పలకలు పూరీల్లా పొంగాయి, తలుపు మూయబోతే స్క్రూ ఊడి చేతిలోకి వచ్చింది. అది పార్టికల్ బోర్డు. చెక్క పొట్టును జిగురుతో నొక్కి, పైన అందమైన కాగితమో సన్‌మైకానో అంటిస్తారు. ఒకసారి నీళ్ళు తాగిందంటే మళ్ళీ వెనక్కి తగ్గదు, స్క్రూ ఊడిన కన్నం ఇంకో స్క్రూను పట్టుకోదు. "ఏమైనా చేయగలరా అక్కా?" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నాకు నోట మాట రాలేదు. అదే వీధిలో మూడు రోజులు నీళ్ళలో నిలబడ్డ టేకు బల్ల ఒకటి, మోకాలెత్తున బురద గీత. నీడలో మూడు వారాలు ఆరబెట్టి, వదులైన కుసులకు (అతుకు కన్నంలో దూరే చెక్క కొసలకు) మళ్ళీ జిగురు పెట్టి బిగిస్తే ఇప్పటికీ దాని మీదే అన్నాలు తింటున్నారు. ప్లైవుడ్‌ను నేను తిట్టట్లేదు, ఐఎస్ 710 అనే ప్రమాణం ముద్ర ఉన్న మెరైన్ ప్లై అయితే నీళ్ళను బాగానే తట్టుకుంటుంది. అందులో పొదుపు చేసి పైన సన్‌మైకా రంగుకు ఖర్చు పెట్టేవాళ్ళతోనే నా గొడవ.

తెల్ల పెయింట్ వాళ్ళ గురించి ఒక్క మాట. వందేళ్ళ జిట్రేగి (రోజ్‌వుడ్) సామాను తెచ్చి "లుక్ కోసం" తెల్లరంగు కొట్టమంటారు. డబ్బు అవసరమై ఒక్కసారి కొట్టాను. ఆచారిగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సరే, మంచం దగ్గరకొద్దాం. అన్నానగర్ వెళ్ళాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు, లేదా గుర్తుపట్టనట్టు ఉండిపోయారు. మంచం పక్కన నిలబడి మళ్ళీ "బర్మా టేకు" అన్నారు. ఈ మాట రోజుకు మూడుసార్లు వింటాను. ఒకప్పుడు రంగూన్ నుంచి మద్రాసుకు టేకు వచ్చిన మాట నిజమే. మనవాళ్ళు అక్కడికి పనికి వెళ్ళారు కాబట్టి ఆ పేరుకు మన ఇళ్ళల్లో విలువ ఇంకా ఎక్కువ. కానీ కేరళలోని నిలంబూరులో 1840ల్లోనే టేకు తోటలు వేశారు, గోదావరి మీద టేకు దుంగలు తెప్పలుగా కట్టి దింపేవారు. పాలిష్ వేసిన పట్టె చూసి ఇది బర్మాదని ఒట్టేసి చెప్పేవాళ్ళను నమ్మకండి, నన్నైనా సరే. ఇక కొత్తగా చేసినది "బర్మా" అని అమ్మేవాళ్ళనైతే గట్టిగా అడగండి. మయన్మార్ (అదే బర్మా) 2014లోనే దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు డిపోలకు వచ్చే టేకులో ఘనా నుంచి, ఈక్వడార్ నుంచి దిగేది కూడా ఉంది.

నేను చూసేది చేవ ఎంత ఉందన్నదే. చెట్టు నడుమ ఉండే ముదురు రంగు భాగంలో నూనె ఉంటుంది, చెద దాని జోలికి పోదు. పైనుండే తెల్లచెక్క అయితే బర్మాదైనా చెదకు ఫలహారమే. ఈ మంచానికి పట్టెలు టేకు, అందులో ఒకదాని అంచు తెల్లచెక్క, దాన్ని పట్టుకునే చెద కాలి దాకా పాకింది. కాళ్ళు మాత్రం, చెయ్యి వెయ్యగానే తెలిసింది, జిట్రేగి. రోజ్‌వుడ్. టేకుకన్నా ఖరీదు. ఆయనకు ఆ సంగతి తెలియదు. చెప్పకుండా ఊరుకోవచ్చు. చెప్పేశాను. వెంటనే "అయితే 50 వేలు" అన్నారు. "సెకండ్ హ్యాండే కదండీ" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, మంచినీళ్ళు తాగి మింగేశా.

పట్టె ఊడదీసి చూపించమన్నాను. కుసి మీద, కాలి మీద ఉలితో చెక్కిన గుర్తులు: ౧, ౨, ౪. ఏ పట్టె ఏ కాలికో తప్పిపోకుండా చేసినవాడు వేసుకున్న తెలుగు అంకెలు. మూడో కాలి మీదది చెద తినేసింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని "ఇదేంటమ్మా, కన్నడమా?" అన్నారు.

వంటింట్లోంచి వాళ్ళావిడ "ఆ మంచం ముందు గదిలోంచి కదిలితే అదే పదివేలు, ఇచ్చేయండి" అని కేకేశారు. 17,500కి కుదిరింది.

ఇప్పుడది మా షెడ్డులో గోడకు ఆనుకుని ఉంది. మూడో కాలికి ఆచారిగారు జిట్రేగి ముక్క అతికారు. దాని మీద మూడు అంకె వేద్దామన్నాను. "తెలుగులో మూడు ఎలా ఉంటుందమ్మా?" అన్నారు. అన్నానగర్ పెద్దమనిషిని చూసి నవ్వుకుంటూ వచ్చానా, సుద్దముక్క పట్టుకుంటే నాకూ చెయ్యి ఆడలేదు. ఫోన్‌లో వెతికి గోడ మీద ౩ అని గీసి చూపించాను. ఆయన దాన్ని చూస్తూ చెక్కారు.

నిన్న సాయంత్రం ఫొటో పెట్టాను. ధర ఇంకా పెట్టలేదు. మొదటి మెసేజ్: "ఇంకా ఉందా?" రెండోది: "తెల్ల పెయింట్ వేసిస్తారా?"