సవరణ: టకుమార్ లెన్సులన్నీ పసుపెక్కవు

పెంటాక్స్ కెమెరాల కోసం చేసిన పాత సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్ 1.4 లెన్సు గాజు కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుందని కిందటి పోస్టులో రాశాను. అది చదివి కొందరు ఈ పేరున్న ప్రతి లెన్సునీ పక్కన పెట్టేస్తున్నారు. అలా చేయకండి. ఈ 50 ఎంఎం ఎఫ్ 1.4లో ఆ మాట ఏడు ఎలిమెంట్ల (లోపలి గాజు కటకాల) రకానికే వర్తిస్తుంది. అందులో థోరియం అనే రేడియోధార్మిక లోహం కలిపిన గాజు ఉంది. 1964లో ముందుగా వచ్చిన ఎనిమిది ఎలిమెంట్ల రకంలో థోరియం లేదు, ఆ పసుపూ రాదు.

ముందు రింగు మీద రెండింటికీ ఒకే పేరు ఉంటుంది కాబట్టి అమ్మేవాళ్ల మాట నమ్మి లాభం లేదు. ఫోకస్ రింగు పక్కన, ఎంత లోతు వరకు స్పష్టంగా వస్తుందో చూపే అంకెల దగ్గర సన్నని ఎర్ర గీత చూడండి. కుడివైపు 4 అంకె దాటాక ఉంటే ఎనిమిది, మధ్య గీతకీ 4కీ నడుమ ఉంటే ఏడు.

ఏడు ఎలిమెంట్లదైనా వదులుకోవద్దు, చాలా మంచి లెన్సు. అతినీలలోహిత (యూవీ) కాంతి కొన్నాళ్లు తగిలితే పసుపు బాగా తగ్గుతుంది. అయితే మన చెన్నై మేడ మీద మండుటెండలో మాత్రం పెట్టకండి. వేడికి లోపలి గ్రీజు కరిగి, కాంతిని తగ్గించే బ్లేడ్ల మీదికి పాకుతుంది, గాజులోంచి కేంద్రీకరించిన ఎండకు నిప్పు కూడా అంటుకోవచ్చు. చిన్న యూవీ ఎల్ఈడీ దీపం చాలు, దాన్ని నేరుగా చూడకూడదు.

ఇక్కడి ఉక్కపోతకు నాకు పసుపు కంటే లెన్సు లోపల పెరిగే ఫంగస్ (బూజు) అంటేనే టెన్షన్. కొనేముందు టార్చి వేసి, సాలెగూడు లాంటి పోగులున్నాయేమో చూడండి.