కెమెరా ఫోటోలను ‘కట్’ చేయమనే ఆ మెసేజ్‌ను నమ్మకండి

కెమెరాలో తీసిన ఫోటోలను కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలో చెప్పే మెసేజ్ ఒకటి గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: కెమెరాలోని మెమరీ కార్డును బయటికి తీస్తే పాడవుతుంది, ఎప్పుడూ కేబుల్‌తోనే ఎక్కించాలి. కాపీ చేసిన ప్రతిసారీ ఫోటో నాణ్యత కొంచెం తగ్గుతుంది, అందుకని కట్ చేసి పేస్ట్ చేయాలి. వెంటనే కార్డును కంప్యూటర్‌లోనే ఫార్మాట్ చేసేయాలి. ఈ రోజుల్లో కార్డు తీసేముందు కంప్యూటర్‌లో ఎజెక్ట్ కొట్టే పని లేదు. కంప్యూటర్‌లో ఫోటోలు కనిపించకపోతే కార్డు పాడైనట్టే, ఫార్మాట్ చేసి వాడుకోవాలి.

వీటిలో కొన్నింటి వెనక కాస్త నిజం ఉంది. అందుకే చదవగానే నమ్మాలనిపిస్తుంది. కానీ మొత్తంగా ఈ సలహా భయపడక్కర్లేని చోట భయపెట్టి, ఆగి చూసుకోవాల్సిన చోట తొందరపెడుతోంది. పసిపిల్లల తొలి అడుగులను, ఇప్పుడు మన మధ్య లేని పెద్దవాళ్ల నవ్వును మళ్లీ ఫోటో తీయలేం. అందుకే దీన్ని ఊరికే వదిలేయలేకపోతున్నాను.

“కాపీ చేస్తే నాణ్యత తగ్గుతుంది.” తగ్గదు. ఫోటో ఫైలంటే అంకెల వరస. కాపీ చేయడమంటే ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా ఇంకోచోట రాయడం. వందో కాపీ కూడా అసలుదానితో పొల్లుపోకుండా సమానం. అనుమానముంటే రెండు ఫైళ్లకూ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్, అంటే ఫైల్లోని అంకెల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి గుర్తు, తీసి పోల్చండి. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ దానికి కమాండ్ ఉంది. ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ హ్యాష్ పూర్తిగా వేరుగా వస్తుంది.

మరి ఇంతమంది ఎందుకు నమ్ముతున్నారు? జేపెగ్ వల్ల. 1992లో ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతి బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి, కంటికి పెద్దగా ఆనని వివరాలను వదిలేసి ఫైలును చిన్నది చేస్తుంది. అదే ఫోటోను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మార్చి, మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేస్తే ఇంకొన్ని వివరాలు పోతాయి. ఆ నష్టం నిజమే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కూడా కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలే వెళ్తుంది. ఇక కెమెరా నుంచి ఫోన్‌కు వైఫై ద్వారా పంపే కొన్ని యాప్‌లు, సెట్టింగ్ మార్చకపోతే, 2 మెగాపిక్సెళ్లకు తగ్గించిన బొమ్మనే పంపుతాయి. ఆ చిన్న బొమ్మను ఫోన్ నుంచి కంప్యూటర్‌లోకి వేసుకుని, పెద్దది చేసి చూసి, ‘కాపీ చేస్తే మసకబారింది’ అనుకునేవాళ్లు ఎందరో. మసకబారింది కాపీ వల్ల కాదు, అంతకుముందే.

“అందుకే కట్ చేయాలి.” ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. ఒకే డిస్కులో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు మార్చినప్పుడు ఫైలు కదలదు, దాని చిరునామా మాత్రమే మారుతుంది. కార్డు నుంచి కంప్యూటర్‌కు అలా కుదరదు. అవి రెండూ వేరువేరు డిస్కులు. కట్ అన్నా సరే, సిస్టమ్ ముందు కాపీయే చేస్తుంది, ఆ తర్వాత అసలుదాన్ని చెరిపేస్తుంది. కాపీతో నాణ్యత తగ్గేదే అయితే కట్ చేసినా తగ్గాలి కదా! మెసేజ్ రాసినవారు ఈ సంగతి చూసుకోలేదు.

కాబట్టి కట్ వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. పోయేది మాత్రం ఉంది. విండోస్‌లో అయితే ఒక్కో ఫైలు చేరినకొద్దీ కార్డులో అసలుది మాయమవుతూ వస్తుంది. కాపీ అయిన ఫైలు సరిగ్గా తెరుచుకుంటుందా, కంప్యూటర్‌లోని డిస్క్ ఆరోగ్యంగా ఉందా అని ఎవరూ చూడరు. మధ్యలో కేబుల్ వదులైనా, కెమెరా బ్యాటరీ అయిపోయినా సగం ఫోటోలు ఇక్కడ, సగం అక్కడ. పైగా చెరపడమంటే కార్డు మీద రాయడమే. అది జరుగుతుండగా కార్డు ఊడితే అందులోని ఫైళ్ల పట్టికే దెబ్బతినవచ్చు. కాపీ చేసేటప్పుడు అదే కేబుల్ ఊడిందనుకోండి, కాస్త విసుగు, మళ్లీ మొదలు, అంతే. ఫోటోలు కార్డులో పదిలంగా ఉంటాయి.

“వెంటనే కంప్యూటర్‌లోనే ఫార్మాట్ చేయాలి.” ఇందులో రెండు తప్పులున్నాయి. ఫార్మాట్ కెమెరాలో చేయాలి. కార్డులో ఫైళ్లను అమర్చే పద్ధతులు వేరువేరు: 32 జీబీ వరకూ ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో, అంతకు మించిన ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటాయి. తనకు ఏది కావాలో, ఫోల్డర్లు ఎలా ఉండాలో కెమెరాకు తెలుసు. కంప్యూటర్‌లో వేరే పద్ధతి ఎంచుకుంటే కెమెరా ఆ కార్డును ఒప్పుకోకపోవచ్చు. రెండో తప్పు ఆ ‘వెంటనే’. ఫోటోలు కంప్యూటర్‌లో ఒకచోట, బయటి హార్డ్ డిస్కులోనో క్లౌడ్‌లోనో ఇంకోచోట చేరాయని, కొన్నింటిని తెరిచి చూసి, సంఖ్యా సైజూ సరిపోయాయని తేల్చుకున్నాకే కార్డు ఖాళీ చేయండి. అప్పటిదాకా కార్డు ఖర్చులేని బ్యాకప్.

“కనిపించకపోతే కార్డు పాడైనట్టే.” ఇది చదివినప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఫోటోలు కనిపించకపోవడానికి చాలా చిన్న కారణాలు ఉంటాయి. చాలా కెమెరాలు కేబుల్‌తో కలిపినప్పుడు పెన్‌డ్రైవ్‌లా డ్రైవ్ లెటర్‌తో కనిపించవు. పీటీపీ లేదా ఎంటీపీ అనే పద్ధతిలో మాట్లాడతాయి కాబట్టి ఒక పరికరంగా కనిపిస్తాయి. కెమెరా ఆన్‌లో ఉండకపోవచ్చు. ఆ కేబుల్ చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చేది కావచ్చు. కార్డును నేరుగా కంప్యూటర్‌కు కలిపే కార్డ్ రీడర్ పాతదైతే ఎస్‌డీఎక్స్‌సీ కార్డును చదవలేకపోవచ్చు. వేరే కేబుల్, వేరే పోర్టు, వేరే రీడర్ పెట్టి చూడండి. కెమెరా తెర మీద ఫోటోలు కనిపిస్తున్నాయంటే కార్డు బాగానే ఉందని నమ్మవచ్చు.

డిస్కును ఫార్మాట్ చేయాలా అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. కార్డు నిజంగానే దెబ్బతిన్నా, పొరపాటున చెరిపేసినా కథ అయిపోలేదు. డిలీట్ చేసినప్పుడు పట్టికలో ఆ చోటు ఖాళీ అని గుర్తు పడుతుంది తప్ప, మామూలుగా ఫోటో తాలూకు డేటా వెంటనే పోదు. దాని మీద కొత్త ఫోటో పడితేనే పోతుంది. కాబట్టి ఆ కార్డుతో ఒక్క ఫోటో కూడా తీయకుండా పక్కన పెట్టి, ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికించండి. దొరికినవాటిని అదే కార్డులో కాకుండా వేరే డిస్కులో సేవ్ చేయండి. అన్నీ వస్తాయని హామీ లేదు. కెమెరాలో లో-లెవెల్ ఫార్మాట్ (కార్డులోని డేటాను కూడా తుడిచేసేది) చేసి ఉంటే ఆశ చాలా తక్కువ. కానీ మెసేజ్ చెప్పినట్టు ఫార్మాట్ చేసి వాడుకుంటే ఆ ఉన్న కాస్త అవకాశమూ పోతుంది.

“కార్డు తీస్తే పాడవుతుంది.” పాత కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డుల విషయంలో ఈ భయానికి అర్థముంది. వాటి స్లాటులో 50 సన్నని పిన్నులుంటాయి, కార్డును వంకరగా తోస్తే వంగిపోతాయి. ఎస్‌డీ కార్డుకు అలాంటి పిన్నుల్లేవు, చదునైన పూతలే ఉంటాయి. కెమెరా ఆపి, కార్డు పని చేస్తున్నట్టు చూపే లైటు ఆరాక తీయండి, చాలు. పైగా రీడర్‌తో కెమెరా బ్యాటరీ ఖర్చు కాదు, తరచుగా వేగమూ ఎక్కువ. చాలా కెమెరాల కేబుల్ పోర్టు ఇప్పటికీ యూఎస్‌బీ 2.0, అంటే కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, చేతికొచ్చేది అంతకన్నా తక్కువ. కేబుల్ వాడటం తప్పేం కాదు. బ్యాటరీ నిండుగా ఉంటే నిశ్చింతగా వాడండి.

“ఎజెక్ట్ అక్కర్లేదు.” 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి, తీసేయగల డిస్కులకు ‘క్విక్ రిమూవల్’, అంటే ఎజెక్ట్ కొట్టకుండానే తీసేయగల ఏర్పాటు, డిఫాల్ట్ అయింది. ఈ మాట అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. అయినా ఏదో ప్రోగ్రామ్ కార్డు మీద రాస్తుండగా లాగితే విండోస్ కాపాడదు. మ్యాక్‌లో ఎజెక్ట్ తప్పనిసరి. ఒక్క క్లిక్కే కదా, కొట్టండి.

ఆ మెసేజ్‌లో లేని ప్రమాదం ఇంకొకటుంది. కెమెరా ఫోటోలకు పేరులో నాలుగంకెల నంబరు ఇస్తుంది. 9999 దాటితే మళ్లీ 0001. కొన్ని కెమెరాల్లో, సెట్టింగును బట్టి, కార్డు మార్చినా ఫార్మాట్ చేసినా నంబరు మొదటికొస్తుంది. అంటే పోయిన ఏడాది ఫోటోకూ ఈ వారం ఫోటోకూ ఒకే పేరు ఉండవచ్చు. అన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో వేస్తూ పోతే, ఒకరోజు కంప్యూటర్ ‘రీప్లేస్ చేయాలా’ అని అడుగుతుంది. అలవాటుగా సరే అంటే పాత ఫోటో పోతుంది, పోయిన సంగతి కూడా తెలియదు. ఎక్కించిన ప్రతిసారీ తేదీతో కొత్త ఫోల్డర్ పెట్టుకోండి. కాపీ చేశాక ఫైలు తేదీ మారినట్టు కనిపించినా కంగారు పడకండి, ఫోటో తీసిన తేదీ ఎగ్జిఫ్ సమాచారంగా ఫైల్లోపలే భద్రంగా ఉంటుంది. అయితే కెమెరా గడియారం సరిగ్గా ఉందో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి, ఎందుకంటే కెమెరా ఆ తేదీని రాసేది దాన్ని బట్టే.