ప్రమాణాలకు తగ్గ ఆకాశం కావాలి

గండికోటలో ఒక రాత్రి టెంటులో పడుకుని వచ్చినవాళ్లు ఈ మధ్య ఒకటే మాట అంటున్నారు. ఆకాశం మోసం చేసిందట. లోయ బాగుంది, పెన్నా బాగుంది, టెంటువాళ్లు పెట్టిన ఉప్మా కూడా పర్వాలేదు. ఆకాశం ఒక్కటే నెట్‌లో చూసిన ఫొటోలో ఉన్నట్టు లేదు. ఊదా రంగు లేదు, గులాబీ రంగు అసలే లేదు. పాలపుంత ఎక్కడ అని అడిగితే టెంటు కుర్రాడు దక్షిణం వైపు వేలు చూపించి, "అదిగో సార్, ఆ తెల్లటి మసక" అన్నాడట. సొంత పెట్రోలు పోసుకుని అంత దూరం వెళ్లింది మసక చూడటానికా?

తప్పు ఫొటోది అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఆ ఫొటోకి వేలల్లో లైకులు వచ్చాయి. ఆకాశానికి ఎన్ని వచ్చాయి? ప్రజాస్వామ్యంలో మెజారిటీ ఎటు ఉంటే న్యాయం అటే కాబట్టి సరిదిద్దుకోవలసింది ఆకాశమే.

అయినా రెండో పక్షం వాదన కూడా వినాలి. ఆకాశం తరఫువాళ్లు ముందుగా మన కంటినే దోషిగా నిలబెడతారు. చీకట్లో మన కన్ను రంగులు పోల్చుకోలేదు, వెలుగునీడలు మాత్రమే చూస్తుంది. కెమెరా అలా కాదు, వెలుతురును సెకన్ల తరబడి పోగేసుకుంటుంది. ఎన్ని సెకన్లు అన్నదానికి ఫొటోగ్రాఫర్ల దగ్గర ఒక బండ లెక్క ఉంది: 500ని లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. 24 ఎంఎం లెన్సయితే ఇరవై సెకన్లు. అంతకు మించితే భూమి తిరగడం వల్ల చుక్కలు గీతలవుతాయి. అలాంటి ఫొటోలు వరసగా పదో ఇరవయ్యో తీసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, నాయిస్ అనే గరుకు మచ్చలు తగ్గిస్తే అప్పటిదాకా దాక్కున్న రంగులు పైకి వస్తాయి. జ్యేష్ఠా నక్షత్రం చుట్టూ పసుపు, నీలం ధూళి మేఘాలు నిజంగానే ఉన్నాయి, ఎవరూ రంగు డబ్బా ఒలకబొయ్యలేదు. ఈ పనికి ఓపిక కావాలి, లెక్క కావాలి, దోమలు కుట్టినా కదలని నిష్ఠ కావాలి. ఇంతవరకు వాళ్లకి నా నమస్కారం.

అయితే ఇంత కష్టపడేవాళ్లను చూసి వ్యంగ్యం రాయడం కష్టం. కాబట్టి వంజంగి పోదాం.

పాడేరు దగ్గరి వంజంగి కొండెక్కితే తెల్లవారుజామున మేఘాలు మన కాళ్ల కింద సముద్రంలా పరుచుకుంటాయి. అందుకు మంచి కాలం చలికాలం. పాలపుంత నడిబొడ్డు, అంటే ఫొటోగ్రాఫర్లు ముద్దుగా 'కోర్' అని పిలుచుకునేది, ధనూరాశి వైపు ఉంటుంది. ధనుర్మాసంలో సూర్యుడు ఏ రాశిలో ఉంటాడో పొద్దున్నే లేచి గొబ్బెమ్మలు పెట్టే ఏ పిన్నిగారిని అడిగినా చెబుతారు. ఆ నెలంతా కోర్ ఇంచుమించు సూర్యుడితోపాటు ఉదయించి సూర్యుడితోపాటే అస్తమిస్తుంది. రాత్రంతా జాగారం చేసినా కనబడదు. అది బాగా కనబడే రాత్రులు వేసవివి, అప్పుడేమో ఈ మేఘాలు ఉండవు. ఇంత పెద్ద ప్రకృతిలో శాఖల మధ్య ఈ మాత్రం సమన్వయం లేకపోవడం విచారకరం. ఆ లోటు తీర్చినవాడు మన ఔత్సాహిక ఫొటోగ్రాఫరే. డిసెంబరు మేఘాల మీద మే నెల పాలపుంతను చాపలా పరిచి, కింద 'సింగిల్ షాట్, నో ఎడిట్' అని రాసి, జనానికి అంకితమిచ్చాడు. "సూపర్ అన్నా, సెట్టింగ్స్ పెట్టన్నా" అని నూరు గొంతులు. అన్న సెట్టింగ్స్ పెట్టాడు. ఏ నెలలో తీశాడో మాత్రం పెట్టలేదు.

ఇదే పని చేసి, 'రెండు రాత్రుల ఫొటోలు, కలిపి కూర్చినది' అని నిజం రాసుకున్న అమాయకులూ ఉన్నారు. వాళ్ల కింద వచ్చే మొదటి కామెంట్ "అయితే ఫేకేగా బ్రో". సత్యమే జయించాలంటే కనీసం లైకులైనా పడాలి కదా.

చంద్రుడి విషయంలో ఆకాశం చేసిన అన్యాయం ఇంకా పెద్దది. చార్మినార్ ఒక్కో పక్క ఇరవై మీటర్లు. దాని వెనక చంద్రుడు అంత వెడల్పున కనబడాలంటే రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరం వెళ్లి, పెద్ద జూమ్ లెన్సు పెట్టి తీయాలి. పాతబస్తీలో రెండు కిలోమీటర్ల దూరం నుంచి కేబుల్ వైర్లు, వాటర్ ట్యాంకులు, ఆరేసిన దుప్పట్లు అడ్డు రాకుండా చార్మినార్ కనబడే డాబా దొరకాలంటే జాతకం బాగుండాలి. అలాంటి డాబా వెతికి, చంద్రుడు ఏ రోజు ఏ నిమిషానికి అక్కడికొస్తాడో యాప్‌లో చూసుకుని, ఇంటాయన్ని బతిమాలుకుని పైకెక్కి తీసేవాళ్లు ఉన్నారు. పనిలేనివాళ్లు! మిగతావాళ్లు కుర్చీ దిగకుండానే తాంబాళమంత చంద్రుణ్ని తెచ్చి అతికిస్తారు. ఒకాయన పెట్టిన నెలవంక ఫొటోలో రెండు కొమ్ముల మధ్య నల్లటి భాగంలో ఓ చుక్క మెరుస్తోంది. ఆ నలుపు కూడా చంద్రుడే కదా, అంటే ఆ నక్షత్రం చంద్రుడికి ముందుకొచ్చి నిలబడిందన్నమాట. అంత దగ్గరికొచ్చిన నక్షత్రం మనల్ని ఏమీ చెయ్యకుండా వదిలేసిందంటే అది ఆయన పుణ్యమే.

ఫోన్ కంపెనీలు ఈ బాధను ముందే గ్రహించాయి. 2023 మార్చిలో ఒకాయన కావాలని మసకబార్చిన చంద్రుడి బొమ్మను కంప్యూటర్ తెర మీద పెట్టి, గదిలో లైట్లార్పి, శాంసంగ్ ఫోన్‌తో జూమ్ చేసి తీశాడు. తెర మీద లేని మచ్చలన్నీ ఫొటోలోకి వచ్చేశాయి. జనం దాన్ని మోసమని తిట్టారు. నేనైతే సేవాభావం అంటాను. నువ్వు చూసింది కాదు, చూడాలనుకున్నది ఇవ్వడమే కదా సేవ.

ఈ ఫొటోల్లో ఉండే మనుషుల గురించి కూడా ఒక మాట. కొండ చివర ఒకడు నిలబడి, నుదుటికి టార్చి కట్టుకుని, ఆకాశానికి లైటు వేసి చుక్కల్ని వెతుకుతుంటాడు. వాడి వెనక ఒక టెంటు, లోపల పండగలా వెలుతురు. రాత్రి రెండింటికి టెంటులో అంత లైటు పెట్టుకుని నిద్రపోయే కుటుంబాన్ని నాకెవరైనా చూపిస్తే బాగుండు. ఇక చోటు అడిగితే 'నల్లమలలో ఒకచోట' అంటారు. ఆ ఒకచోట సైకిల్ మీద టీ అమ్మేవాడు, పక్కన ఇంకో పన్నెండు ట్రైపాడ్లు ఉంటాయి, అవి ఫ్రేములోకి రావు.

హైదరాబాద్ ఆకాశాన్నీ ఒకప్పుడు ఫొటో తీశారు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన నిజామియా వేధశాల తర్వాత నిజాం ప్రభుత్వం చేతికొచ్చి, బేగంపేటలో నిలబడింది. ప్రపంచంలోని వేధశాలలన్నీ కలిసి ఆకాశం మొత్తానికి పటం గీయాలనుకున్నప్పుడు ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ మనవాళ్ల వంతుకొచ్చింది. గాజు పలకల మీద ఏళ్ల తరబడి తీశారు, లక్షల చుక్కలు కొలిచారు. మూలన సంతకంలా పెద్ద వాటర్‌మార్కు వేసుకోవాలన్న తెలివి లేకపోవడంతో ఇవాళ వాళ్లెవరో ఎవరికీ తెలియదు. ఊరు వెలుగుతో నిండిపోతే ఉస్మానియావాళ్లు 48 అంగుళాల టెలిస్కోపును ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టుకున్నారు. ఊరి వెలుగు అక్కడికీ నడుచుకుంటూ వెళ్లింది. ఇప్పుడు చీకటి కావాలంటే లడఖ్‌లో హాన్లే దాకా పోవాలి. 2022లో అక్కడి చీకటిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మనవాళ్లు గచ్చిబౌలిలో బాల్కనీ లైట్లు ఆర్పకుండానే విమానమెక్కి, నాలుగు వేల మీటర్ల పైన ఊపిరాడక రొప్పుతూ చీకటిని ఫొటో తీసుకుని వస్తున్నారు.

ఆకాశం ఇలా మన నుంచి దూరం జరుగుతుంటే చూస్తూ ఊరుకోకూడదు. పర్యాటకుల మనోభావాలను దృష్టిలో పెట్టుకుని ఒక తాత్కాలిక ఏర్పాటు సూచిస్తున్నాను. గండికోట లోయ అంచున పెద్ద ఫ్లెక్సీ కట్టి, దాని మీద ఎక్కువ లైకులు వచ్చిన పాలపుంతను ఊదా రంగు తగ్గకుండా ముద్రించాలి. రాత్రిపూట అందరికీ బాగా కనబడాలి కాబట్టి చుట్టూ ఫ్లడ్‌లైట్లు తప్పనిసరి. పాలపుంత మధ్యలో ధూళి మేఘాలు అడ్డుపడి నల్లగా ఖాళీగా కనబడే జాగా పొడవునా ఉంది. స్థానిక నాయకుల ఫొటోలు వరసగా వెయ్యడానికి సరిగ్గా సరిపోతుంది.