జనాబ్ ఆకుపచ్చ టిక్కు గారికి

సలాం.

ఖురాన్ కంఠస్థం చేయాలని మేము నలుగురు ఆడవాళ్లం ఫోనులో గ్రూపు పెట్టుకున్నప్పుడు నియమం ఒక్కటే: తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు కాగానే ఒకరికొకరు ఫోను చేసి సబఖ్ అప్పజెప్పాలి. సబఖ్ అంటే ఆ రోజు కొత్త పాఠం. ఈమధ్య చదివినది సబఖీ, పాతదంతా మంజిల్. మూడింటికీ వినే చెవి కావాలి. ఫోనుకు బదులు గ్రూపులో టిక్కు పెట్టడంతో, ఆ చెవి ఉండవలసిన చోట తమరు వేంచేశారు.

మొదట్లో మీ అర్థం 'అప్పజెప్పాను'. కొన్నాళ్లకు 'చదివాను' అయింది, ఆపైన 'చదువుతాను'. పోయిన నెల పొయ్యి మీద పాలు పొంగుతుండగా నేను పెట్టిన టిక్కుకు 'ముస్‌హఫ్ (ఖురాన్ ప్రతి) ఏ అలమరలో ఉందో తెలుసు' అని మాత్రమే అర్థం. దానికీ ముగ్గురూ మాషా అల్లాహ్ అన్నారు. వాళ్ల టిక్కులకు నేనూ అన్నాను, బాకీ ఉంచుకోకూడదు కదా!

మీ లెక్కలో మాకు ఖురాన్ 30 భాగాల్లో 29వ పారా పూర్తయింది. దాని చివరి సూరా, అంటే అధ్యాయం, ముర్సలాత్. 50 ఆయతుల్లో (వచనాల్లో) ఒకే వాక్యం 10 సార్లు వస్తుంది. మొదటి మూడుసార్లూ దాని తర్వాత వచ్చే మాట 'అలమ్' తోనే మొదలవుతుంది. నేను మొదటి అలమ్ దగ్గర మూడోదాన్ని అందుకుని, 9 ఆయతులు మింగేసి, ఎంతో శ్రావ్యంగా ముందుకు సాగిపోయేదాన్ని. ఒక్కదాన్నే చదువుకుంటే ఆ సంగతి ఎలా తెలుస్తుంది? రంజాన్ రాత్రుల తరావీహ్ నమాజులో ఇమాం వెనక ఇంకో హాఫిజ్ (ఖురాన్ కంఠస్థం వచ్చినవారు) 'సామె'గా, అంటే వినేవారిగా, నిలబడేది ఇందుకే. 30 పారాలూ వచ్చినవారికే చెవి కావాలి, నాకేమో మీరు చాలట.

ప్రవక్త ముహమ్మద్ (స) అంతటివారే ప్రతి రంజాన్‌లో జిబ్రీల్ దూతతో ఖురాన్ వల్లెవేసేవారు, చివరి ఏడాది రెండుసార్లు. కాళ్లకు కట్టిన తాడు విడిపించుకునే ఒంటె కంటే త్వరగా ఇది జారిపోతుందని హెచ్చరించారు కూడా. మేము ఆ ఒంటెను తెచ్చి మీకు కట్టేశాం.

మొన్న మాలో పెద్దవారైన ఆపా ఫోను చేసి, "ఏదీ, ముర్సలాత్ వినిపించు" అన్నారు.

"టిక్కు పెట్టాను కదా ఆపా."

"అయితే ఆ టిక్కునే చదవమను."

రేపు ఫజ్ర్ కాగానే మళ్లీ చేస్తారట. మధ్యలో వచ్చే ఆ రెండో అలమ్ ఏమిటో తమకు తెలిస్తే ఈ రాత్రికే సెలవియ్యగలరు.

ఇట్లు,
మిమ్మల్ని రోజూ పెట్టినామె